పర్శరాములు సార్ మొదటి పీరియడ్

ఫిబ్రవరి 9

మీటింగ్ అయ్యేసరికి డబ్బాలో అన్నం చల్లారిపోయింది. ర్యాంకింగ్ వాళ్ళు మా యూనివర్సిటీకి ఇచ్చిన మార్కులు గోడ మీద వేసి చూపించారు. భవనాలకు మంచి మార్కులే, ల్యాబులకూ మంచివే. ‘బయట పేరు’ అన్న వరుసలో మాత్రం దాదాపు సున్నా. ఇతర చోట్ల ప్రొఫెసర్లనూ కంపెనీల వాళ్ళనూ అడుగుతారట, మీకు తెలిసిన మంచి యూనివర్సిటీలు చెప్పండని. మడికొండలో మాదొకటి ఉందని చెప్పినవాడు లేడు.

ప్రచారం చూసేది నేనే కాబట్టి రిజిస్ట్రార్ ఓంప్రకాశ్ సార్ నా వైపు తిరిగాడు.

"హరికృష్ణా, మనకేం తక్కువయ్యా? ఏసీ క్లాసులున్నయ్, బస్సులున్నయ్. గా వరంగల్ సర్కారు కాలేజీల పెచ్చులూడి పిల్లల నెత్తి మీద పడ్తానయ్. అయినా దాని పేరు చెప్తే ముసలోళ్ళు సుత లేచి నిలబడ్తరు. ఎందుకు?"

"ఆడ కథలున్నయ్ సార్. ఫలానా సార్ గిట్ల కొట్టిండు, ఫలానా సార్ గట్ల చెప్పిండు అని ఇంటికొకరు చెప్తరు. మనకు అసొంటి సార్ ఒక్కడు లేడు."

"లేకపోతే తయారు చెయ్యి."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

పేరు ఎంత పని చేస్తుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను చదివిన కాలేజీ నర్సంపేట రోడ్డు మీద ఉండేది. మూతపడి చాలా ఏళ్ళయింది, ఇప్పుడది పత్తి గోదాము. నేను పరీక్ష రాసిన గదిలో బేళ్ళు పేర్చి ఉంటాయి. ఏ ఇంటర్వ్యూకు పోయినా ఆ కాలేజీ పేరు చెప్పగానే వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆ తర్వాత నాకేం వచ్చో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఫిబ్రవరి 12

రాశాను. పేరు పర్శరాములు. మెకానిక్స్ చెప్పేవాడు. మాది ఇంకా యూనివర్సిటీ కాకముందు, వట్టి కాలేజీగా ఉన్న రోజుల నుంచీ ఉన్నాడు. కిందటేడు పోయాడు. పోయినవాడైతే కలుస్తామని ఎవరూ అడగరు కదా. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కలు ఉంటాయి. లోపలికొచ్చి తలుపేశాడంటే ఆలస్యంగా వచ్చింది ఎవరైనా సరే బయటే నిలబడాలి. తప్పు చేసినవాణ్ని తిట్టడు, ఎక్కడ తప్పాడో వాడే చెప్పేదాకా వదలడు.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తుంటే మా ఆవిడ నిర్మల డ్యూటీ దిగి వచ్చింది. దవాఖానలో నర్సు కదా, ఏది చూపించినా రోగిని చూసినట్టు పైనుంచి కిందికి చూస్తుంది. చదివి వినిపించాను.

"మంచిగున్నడు మీ సార్. ఎవలాయన?"

"ఎవల్లేరు. ఇప్పుడే పుట్టిండు."

"పుట్టుడేంది? సచ్చిపోయిండని రాస్తివి గదా."

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. తర్వాత దాన్ని ముక్కలు ముక్కలు చేసి, పాత విద్యార్థులు తలుచుకుంటున్నట్టుగా వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వదిలాను.

ఫిబ్రవరి 21

తిరుగుతోంది. నేను వదలని గ్రూపుల్లో కూడా.

మార్చి 3

బెంగళూరు నుంచి నవీన్ అనే అతను ఫోన్ చేశాడు. మా దగ్గర మొదటి బ్యాచుల్లో చదివాడట. పర్శరాములు సార్ పోయిన సంగతి ఇప్పుడే తెలిసిందని ఏడ్చాడు. ముక్కు చీదుకోవడం కూడా వినిపించింది.

"సార్‌కు ఎడమ చెవి వినపడకపోతుండె గదన్నా. అందుకే మేమందరం కుడిదిక్కే కూసునేటోళ్ళం. ఎడమ దిక్కు బెంచీలు ఎప్పుడూ ఖాళీగుంటుండె."

చెవి సంగతి నేను రాయలేదు. ఫోన్ పెట్టేశాక రాసినవన్నీ తీసి చూశాను, ఎక్కడా లేదు. మనుషుల జ్ఞాపకాలు కలగాపులగం అవుతాయి. ఇంకే సార్‌కో చెవుడు ఉండి ఉంటుంది. అవును తమ్మీ, కుడిదిక్కే, అన్నాను. ఇంకేమనాలి?

మార్చి 17

ఓంప్రకాశ్ సార్ ఫొటో కావాలన్నాడు. కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసే ప్రేమలత కంప్యూటర్‌తోనే ఒక ముఖం చేయించింది. లోకంలో ఎవరిదీ కాని ముఖం. దానికి ఫ్రేము కట్టించి, అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టి, గంధపు దండ వేసి మెయిన్ బ్లాకు వరండాలో తగిలించారు. ముఖం సూటిగా లేదు. తల పక్కకు తిప్పి, కుడిచెవి మన వైపు పెట్టి ఉన్నాడు.

"ఇట్లెందుకు తిప్పినవమ్మా?" అని అడిగాను. నవీన్ చెప్పిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

"నేను తిప్పలేదన్నా. ఎన్నిసార్లు చేయించినా గట్లనే వస్తాండు," అంది ప్రేమలత. విసుక్కుంటూ అంది, భయపడుతూ కాదు. భయపడింది నేనే.

ఏప్రిల్ 5

నర్సంపేటలో తల్లిదండ్రుల సభ. మా అక్క శోభారాణి, ఆమె బిడ్డ విజయశ్రీ ముందు వరుసలోనే కూర్చున్నారు. నేను క్యాంపస్ గురించి, హాస్టల్ గురించి చెప్తుంటే రైతులంతా ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకాయన ఆవలించాడు. నాకు ఒళ్ళు మండింది.

"నేను సుత పర్శరాములు సార్ శిష్యున్నే," అన్నాను.

అలా అనాలని అనుకోలేదు. ఫోన్లన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. సభ అయ్యాక ఒక పెద్దాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "అసొంటి సార్ చేతికింద సదివినవా బిడ్డా," అన్నాడు. విజయశ్రీ అయితే నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నా జన్మలో ఎవరూ నన్ను అలా చూడలేదు. బాగుంది. ఇక్కడ అబద్ధం ఎందుకు రాయాలి, చాలా బాగుంది.

నేను ఎక్కడ చదివానో అక్కకు తెలుసు. పొద్దున్నే సద్ది కట్టి పంపింది ఆమే. అయినా ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

ఏప్రిల్ 24

అడ్మిషన్ల ఆఫీసుకు వచ్చిన ప్రతి తల్లీ తండ్రీ ఒకటే అడుగుతున్నారట, ఆ సార్ మా పిల్లలకు చెప్తడా అని. ఓంప్రకాశ్ సార్ నన్ను పిలిపించాడు.

"సచ్చిపోయిండని ఎందుకు రాసినవయ్యా?"

"అప్పుడు గదే మంచిదనిపించింది సార్."

"ఇప్పుడు లేపు. పెద్ద మనిషి, బయట తిరగడు, ఫస్టియర్ పిల్లలకు మాత్రం ఇంకా చెప్తాండు అను. మొదటి పీరియడ్ ఆయనదే అను."

మధ్యాహ్నం అటెండర్ మొగిలి స్టూలెక్కి దండ తీసేశాడు. బొట్టు తుడిస్తే పూర్తిగా పోలేదు, అద్దం మీద ఎర్రటి మరక మిగిలింది. దాన్ని పట్టించుకోకుండా అందరూ కిందికి వెళ్ళిపోయారు. పోయినవాడు ఎట్లా వచ్చాడని ఎవరైనా అడుగుతారేమోనని సాయంత్రం దాకా ఫోన్ దగ్గరే కూర్చున్నాను. ఒక్కరూ అడగలేదు. నవీన్‌కు నేనే ఫోన్ చేశాను.

"పోయిండని ఎవలన్నరన్నా?" అన్నాడు. "పోయినేడు నేనొచ్చినప్పుడు క్లాసులనే ఉండె. బయట నిలబడి నమస్తే పెట్టి పోయిన."

మే 15

ఎంసెట్ ఫలితాలు వచ్చాయి. విజయశ్రీకి మంచి ర్యాంకు. వరంగల్ పాత సర్కారు కాలేజీలో సీటు ఖాయంగా వస్తుంది. మా ఇంటా వంటా ఇంతవరకు ఎవరికీ రానిది. సంతోషంతో స్వీట్లు కొని బస్సు కోసం నిలబడ్డాను. బస్సు రాకముందే ఆ పిల్ల ఫోన్.

"మామా, నేను మీ దగ్గర్నే చేరుత. మీ సార్ దగ్గర."

"పిచ్చిదానా, గా కాలేజీ వదిలిపెట్టి ఇదేంది?"

"ఆడ అందరు పేరు చూసి పోతరు మామ. నేను పాఠం చూసి పోత."

తర్వాత అక్క ఫోన్ తీసుకుంది. "తమ్మీ, నాకు సదువు రాదు. నువ్వు ఊ అంటే ఊ. నీ మాట మీదనే వదులుతాన," అంది.

ఆలోచించి చెప్తానన్నాను. స్వీట్లు ఆఫీసులో పంచాను.

మే 16

చెప్పేస్తాను. ఆయన లేడని, నేనే రాశానని. ఫోన్లో కాదు, ఆదివారం పోయి ఎదురుగా కూర్చుని.

మే 24

నర్సంపేట పోయి వచ్చాను. అక్క కోడి కోసింది. వాడకట్టంతా నన్ను చూడటానికి వచ్చింది. సార్ ఎట్లా ఉంటాడు, ఏం తింటాడు, కోపమెక్కువనా అని అడిగారు. చెప్పాను. అడిగినకొద్దీ చెప్పాను. విజయశ్రీ నా పక్కనే కూర్చుంది. ఆమె ముందు ఇదంతా నేను కల్పించానంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

వచ్చే వారం.

జూన్ 2

చెప్పలేదు.

జూన్ 19

విజయశ్రీ చేరిపోయింది. హాస్టల్లో రూము కూడా ఇచ్చారు. మరీ అంత నష్టమేమీ లేదు. మా దగ్గర క్లాసులు ముందే మొదలవుతాయి. సర్కారు కౌన్సెలింగ్ చివరి విడత ఆగస్టు పదిన ముగుస్తుంది. బాగాలేదంటే అప్పటిలోగా ఇక్కడ వదిలేసి అక్కడికి మారవచ్చు. మెకానిక్స్‌కు మంచి మనిషిని పెట్టండని ఓంప్రకాశ్ సార్‌తో చెప్తాను. పాఠం బాగుంటే పేరు ఎవరిదైతేనేం?

జూలై 13

మొదటి రోజు. టైంటేబుల్లో మొదటి పీరియడ్ పర్శరాములు అనే ఉంది.

"సార్, ఎవర్ని తీసుకున్నరు?" అని అడిగాను.

"ఎవర్నేంది? పర్శరాములు సారే."

వేళాకోళం అనుకుని నవ్వాను. ఓంప్రకాశ్ సార్ నవ్వలేదు. ఆయన నా వైపు చూసిన తీరు నాకు నచ్చలేదు. దుకాణంలో ఏదో ఎత్తుకుపోతుంటే పట్టుబడ్డవాణ్ని చూసినట్టు చూశాడు.

క్లాసు దగ్గరికి పోయాను. తలుపు వేసి ఉంది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తే పిల్లలంతా కుడివైపు బెంచీల్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. ఎడమవైపు ఒక్కరూ లేరు. బోర్డు మీద ఏమీ లేదు. బల్ల వెనక ఎవరూ లేరు. పిల్లలు మాత్రం రాస్తున్నారు. చప్పుడు లేకుండా రాసి, అందరూ ఒక్కసారే పేజీ తిప్పారు. రాయనిది విజయశ్రీ ఒక్కతే. పెన్ను పట్టుకుని పక్కవాళ్ళ పుస్తకాల్లోకి చూస్తోంది.

లోపలికి పోదామని గడియ మీద చేయి వేశాను. తెరవలేకపోయాను. పీరియడ్ మొదలై చాలాసేపయింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఆయన రానివ్వరు.

జూలై 14

నిన్నటి చివరి వాక్యం ఇప్పుడు చదువుకున్నాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జూలై 22

ఈసారి ర్యాంకింగ్‌లో బాగా పైకి వచ్చాం. ‘బయట పేరు’ వరుసలోనే ఎక్కువ మార్కులట. ఎక్కడో ఢిల్లీ ప్రొఫెసర్ పర్శరాములు గారిని స్వయంగా ఎరుగుదునని రాశాడట. నన్ను ప్రచారానికి డైరెక్టర్‌ను చేశారు. గది మారింది, బయట నా పేరుతో పలక పెట్టారు. ఇప్పుడు ఎవరొచ్చినా మీరు సార్ శిష్యులంట కదా అంటూ కూర్చుంటారు. నేనెక్కడ చదివానో ఇక ఎవరూ అడగరు.

వరండాలో పోతూ పిల్లలు ఆ ఫ్రేమును ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నారు. ఈ రోజు నేనూ ముట్టుకున్నాను. అందరూ చూస్తుంటే ముట్టుకోకపోవడం బాగుండదు.

జూలై 30

ఈ మధ్య రోజూ పొద్దున ఆ తలుపు దగ్గర ఆగుతున్నాను. సార్ బల్ల దగ్గర ఉండి ఉంటారు. ఆ అద్దంలోంచి ఆ మూల సరిగా కనపడదు.

ఆగస్టు 2

నిర్మలతో గొడవ. విజయశ్రీ ఆమెకు ఏదో చెప్పిందట. నిర్మల నన్ను అడగకుండా అక్కకు ఫోన్ చేసి, ఆ సార్ లేనే లేడు వదినా, మా ఇంట్లో కూర్చుని ఈయనే రాసిండు అందట.

"మీ అక్క ఏమన్నదో ఎరికేనా?" అంది నిర్మల. "మా తమ్ముడు ఆయన దగ్గర సదివిండు, నీకేం ఎరికె అన్నది. నాకా ఎరికలేనిది? గీ బల్ల మీదనే గదా నువ్వు రాసింది. ఇద్దరం నవ్వలేదా?"

నవ్వాం, నిజమే. సార్ గురించి రాసినందుకు నవ్వామో, రాసిన తీరుకు నవ్వామో ఆమెకేం గుర్తుంటుంది? డ్యూటీలతో అలిసిపోయి ఉంటుంది. సార్ గురించి రాయడం వేరు, సార్‌ను రాయడం వేరు. నేను ఆయన గురించి రాశాను, అంతే.

సార్ నన్ను కూడా ఒకసారి తలుపు బయట నిలబెట్టారు. వాన పడుతోంది. ఇప్పుడిప్పుడే గుర్తొస్తోంది.

ఆగస్టు 9, ఆదివారం

మధ్యాహ్నం విజయశ్రీ వచ్చింది. చిక్కిపోయింది. నిర్మల అన్నం పెడితే కలుపుతూ కూర్చుంది గానీ తినలేదు. నిర్మల లోపలికి పోయాక నా దగ్గరికి జరిగింది.

"మామా, అత్తకు తప్ప ఎవలికి చెప్పినా నమ్ముతలేరు. క్లాసుల ఎవ్వరుండరు. అందరు వచ్చి కూసుంటరు. లేచి నిలబడి గుడ్ మార్నింగ్ సార్ అంటరు. ఇగ రాస్తనే ఉంటరు. వాళ్ళు రాసింది సూసిన, లెక్కలన్ని సరిగనే ఉన్నయ్. ఎవలు చెప్తాన్రు వాళ్ళకు?"

గ్లాసులో నీళ్ళు పోసి ఆమె ముందు పెట్టాను.

"నా పక్కపిల్లనడిగిన. ఆమె సుత మొదటి రెండు రోజులు ఏం రాయలేదు మామ. ఇప్పుడు నన్ను సూసి నవ్వుతాంది. నీకు కనిపిస్తలేడా అని అడుగుతాంది. నాకు భయమైతాంది. రేపటితోని కౌన్సెలింగ్ అయిపోతది. నేను ఆ కాలేజీకి పోత. అమ్మ నీ మాటే వింటది. నువ్వొక్క ఫోన్ చెయ్యి చాలు."

ఫోన్ నా చేతిలోనే ఉంది. అక్క నంబరు పైనే ఉంది. ఒక్క మాట చాలు, ఆ పిల్ల రేపు పొద్దున్నే పోయి ఆ పెచ్చులూడే గదుల్లో నిజమైన మనుషుల ముందు కూర్చుంటుంది.

ఫోన్ చేస్తే అక్క ఎందుకని అడుగుతుంది. ఏమని చెప్పాలి? సార్ లేడనా? మరి నేనెవరి శిష్యుణ్ని? గది బయటి పలక, ఆ పెద్దాయన పట్టుకున్న చేతులు, నర్సంపేట వాడకట్టు, అన్నీ ఒక్క ఫోన్‌తో పోతాయి. మిగిలేది పత్తి గోదాము. ఫోన్ బోర్లా పెట్టాను. ఆ పిల్ల మీద కోపం కూడా వచ్చింది. అందరికీ లేని బాధ ఈమెకొక్కదానికేనా?

"బిడ్డా," అన్నాను, "పెద్ద సార్లు అందరికి ఒక్కసారే అర్థంగారు. నీ కండ్లు అలవాటు కావాలె. జర ఓపిక పట్టు."

"నీకు కనిపిస్తడా మామ?"

"కనిపించకపోవుడేంది? రోజూ సూస్తాన."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తలూపింది. చిన్నప్పటి నుంచి నా మాట కాదన్నది లేదు. నిర్మల తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

కాజీపేట దాకా నేనే బండి మీద దింపి, మడికొండ ఆటో ఎక్కించాను. ఆటో కదిలేటప్పుడు ఆ పిల్ల చేయి ఊపలేదు.

ఆగస్టు 10

గడువు సాయంత్రం అయిదు గంటలతో ముగిసింది. నిర్మల డ్యూటీకి పోలేదు, నాతో మాట్లాడలేదు. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

ఆగస్టు 13

క్లాసు అయిపోగానే విజయశ్రీ ఫోన్ చేసింది.

"కనిపించారు మామయ్యా," అంది. "ఈ రోజు సార్ కనిపించారు. మీరు చెప్పినట్టే కళ్ళు అలవాటయ్యాయి."

ఆ పిల్ల ఎప్పుడూ అలా మాట్లాడదు. నర్సంపేట మాట ఒక్కటీ లేదు. నన్ను ‘మీరు’ అనడం కూడా ఇదే మొదటిసారి. గొంతులో భయం లేదు, సంతోషమూ లేదు. స్టేషన్లో రైలు వస్తోందని చెప్పే గొంతులా ఉంది. అన్నం తింటున్నావా అని అడిగితే సార్ చెప్పిన పని చాలా ఉందండీ అని పెట్టేసింది.

అక్కకు చెప్పాను. ఆమె సంతోషంతో ఏడ్చింది. నిర్మల కూడా ఏడ్చింది గానీ అది సంతోషంతో కాదు. సంచిలో బట్టలు సర్దుకుంటోంది. ఎక్కడికని నేను అడగలేదు.

ఇప్పుడు అందరికీ కనిపిస్తున్నారు. పిల్లలకు, ఓంప్రకాశ్ సార్‌కు, బెంగళూరు నవీన్‌కు, ఆఖరికి విజయశ్రీకి కూడా. అద్దంలోంచి నేనెన్నిసార్లు చూశానో. కళ్ళు నొప్పిపుట్టేదాకా చూశాను. నాకు ఒక్కరోజు కూడా కనిపించలేదు. ఈ మాట బయటికి పొక్కకూడదు. రేపు ఇంకొంచెం ముందుగా పోయి, తలుపు వేయకముందే లోపల కూర్చుంటాను.